పిల్లల్ని అవ్వకు అప్పజెప్పి నెలనెలా బెంగళూరు: మూడేళ్ల తర్వాత నా మాట

మాది అనంతపురం, రామ్‌నగర్. మామగారికి బెంగళూరులో వైద్యం జరుగుతోంది కాబట్టి మూడేళ్లుగా దాదాపు ప్రతి నెలా నేనూ మా ఆయనా ఇద్దరం వెంట వెళ్లాల్సి వస్తోంది, తెల్లవారుజామున బయల్దేరితే మర్నాడు రాత్రికి గానీ ఇల్లు చేరం. ఒకరు వెళ్తే చాలదా అని అందరూ అడుగుతారు. చాలదు. మామగారి చక్రాల కుర్చీ ఒకరు తొయ్యాలి, ఫైళ్లు పట్టుకుని కౌంటర్ల చుట్టూ ఇంకొకరు తిరగాలి. మొదలుపెట్టినప్పుడు బాబుకు ఐదేళ్లు, పాపకు ఏడాదిన్నర. అత్తగారు లేరు, మా అమ్మ కడపలో తమ్ముడి పిల్లల్ని చూసుకుంటోంది. అందుకని రెండు వీధుల అవతలుండే ఒక పెద్దామెను మాట్లాడుకున్నాం. పిల్లలు అవ్వ అంటారు, నేనూ అంతే. ఆ రెండు రోజులకు మొదట్లో 1,200 ఇచ్చేవాళ్లం, ఇప్పుడు 2,000.

మొదట నేను చేసిన ఘనకార్యం నోట్‌బుక్. పద్నాలుగు పేజీలు, నాలుగు రంగుల పెన్నులు, పాలు ఎన్నింటికి, స్నానం ఎన్నింటికి, పాప ఏడిస్తే ఏం చెయ్యాలి, అన్నీ. అవ్వ దాన్ని రెండు చేతులతో అందుకుని, అటూ ఇటూ తిప్పి, "సరే మా" అని ఫ్రిజ్ మీద పెట్టింది. ఆమెకు చదువు రాదని మూడో ప్రయాణానికి గానీ నాకు తెలియలేదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నోట్‌బుక్‌కు అయిదుకు సున్నా మార్కులు, ఆ సున్నా కూడా నాకే.

నిజంగా పనికొచ్చింది రిహార్సల్. ఒక రోజంతా, ఉదయం ఆరు నుంచి పిల్లలు పడుకునేదాకా అవ్వే అన్నీ చెయ్యాలి, నేను ఇంట్లోనే ఉంటాను కానీ నోరు మెదపకూడదు. ఇది వినడానికి తేలిక, చెయ్యడం నరకం, ఉప్మా మాడుతున్న వాసన వస్తున్నా మంచం మీద నుంచి లేవకూడదు! మా అదృష్టం, అది నీళ్లొచ్చే రోజు. కొళాయి రాగానే అవ్వ బిందెలు తీసుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది, పాప ఒక్కతే బాత్‌రూములోకి నడిచి సగం నిండిన బకెట్ మీదకు వంగింది. అప్పుడు మాత్రం నేను మాట తప్పి లేచాను. జానెడు నీళ్లు చాలు ఆ వయసు పిల్లలకు, తల బరువుకు తలకిందులైతే మళ్లీ లేవలేరు. నా పద్నాలుగు పేజీల్లో గ్యాస్ రెగ్యులేటర్ ఉంది, తలుపు గడియ ఉంది, బకెట్ ఒక్కటి లేదు. అప్పటి నుంచి మేం లేని రోజుల్లో బిందెలు ముందురోజే నింపి మూతలు పెడతాం, బకెట్లు బోర్లించి ఉంటాయి, కొళాయి వచ్చినా వదిలెయ్యమన్నాం.

ఇక జ్వరం సంగతి. రెండో ఏడు ఒక రాత్రి పాపకు ఒళ్లు కాలిపోతోంది, నా ఫోన్ ఆసుపత్రిలో సైలెంట్‌లో ఉంది. ఇంట్లో రెండు పారాసిటమాల్ సీసాలు. పాతది 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములు, పాప 10 కిలోలున్నప్పుడు డాక్టరు 6 మి.లీ. రాశారు. కొత్తది 5 మి.లీ.కి 250, పాప 12 కిలోలకు వచ్చాక 3.5 మి.లీ. రాశారు. అవ్వకు గుర్తున్నది "ఆరు". చేతికందింది కొత్త సీసా. అలా పోసి ఉంటే పాపకు పట్టాల్సిన 175 మిల్లీగ్రాములు పోయి 300 పడేవి. ఏదో అనుమానం వచ్చి ఎదురింటి సార్‌ను లేపి చూపించిందట, ఆయన సీసా చదివి ఆపారు. అవ్వ తెలివి మమ్మల్ని గట్టెక్కించింది, మా ఏర్పాటు కాదు. ఇప్పుడు ఇంట్లో ఒకే సీసా, దాని మూతకు ఎర్ర టేపు, మందు కొలిచే సిరంజి మీద అదే ఎర్ర టేపు గీత, పాప బరువు పెరిగి డాక్టరు మోతాదు మార్చినప్పుడల్లా ఆ టేపు నేనే మారుస్తాను. మందు వేసినప్పుడల్లా అవ్వ వంటింటి తలుపు మీద సుద్దతో గీత గీస్తుంది, వెనకటికి పాల లెక్క గీసినట్టు, పక్కనే గడియారం ముళ్లు ఎక్కడున్నాయో బొమ్మ. ఆరు గంటలు కాకుండా రెండో గీత పడదు.

విరేచనాలప్పుడు పట్టే ఓఆర్‌ఎస్ పొడి కూడా ఇలాగే, అవ్వ చెంచాడు చెంచాడు గ్లాసులో కలిపేది. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి కాబట్టి లీటరు సీసాకే ప్యాకెట్‌ను రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టాను. మర్నాటికి మిగిలితే పారబోస్తుంది.

పిల్లల్ని ఫోన్‌లో చూడటానికి ఇంట్లో పెట్టిన కెమెరాకు అయిదుకు రెండు మార్కులు. అవ్వకు చెప్పే పెట్టాం, దొంగచాటుగా కాదు. కరెంటు పోతే అదీ పోయేది, టెన్షన్ మాత్రం రెట్టింపు. ఒకసారి కెమెరాలో చూసి "అవ్వా, పాప సోఫా ఎక్కింది" అని ఫోన్ చేస్తే పాపం కత్తిపీట దగ్గర నుంచి సగం వంకాయ చేత్తో పట్టుకుని ఉరికింది. ఎనిమిది నెలలకు తీసేశాం. దానికన్నా ఆమె కీప్యాడ్ ఫోనే నయం, 2 నొక్కి పట్టుకుంటే నేను, 3 మా ఆయన, 4 ఎదురింటి సార్. 108 ఆమెకు తెలుసు, ఇంటి గుర్తు చెప్పడం మాత్రం తెలియదు, "మా పాప వాళ్లిల్లు" అనేది. "నీళ్ల ట్యాంకు పక్క సందు, మూడో గేటు" అని నాలుగుసార్లు చెప్పించాం. బాబును తీసుకురావడానికి వెళ్తే బడిలో మొదటిసారి పంపలేదు, తర్వాత ఫొటోతో సహా రాసిచ్చాం.

ఒక విషయంలో ఆమే నన్ను దిద్దింది. మొదట్లో పాప నిద్రపోతుండగా చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయేవాళ్లం. "చెప్పకుండా పోతే బిడ్డ దినమంతా వాకిలి కాడే కూర్చుంటాది మా" అని గట్టిగానే అంది. ఇప్పుడు లేపి, చెప్పి వెళ్తున్నాం. ఏడుస్తుంది, పది నిమిషాలే.

వచ్చే నెల అవ్వ ధర్మవరంలో కూతురి కాన్పుకు పోతోంది, అందుకని ఇంకో అమ్మాయిని చూశాం. నేను టేపులు, సిరంజి చూపించబోతే, "నువ్వు గమ్మునుండు మా, ఆ పిల్లకు నేను చూపిస్తా" అంది. నీళ్లొచ్చే రోజు చూసుకునే రమ్మందట ఆ అమ్మాయిని.