సార్క్, ఆసియాన్: బేగంబజారు నుంచి చూస్తే

బేగంబజారులో ఎండు ఖర్జూరం ధర అడిగితే దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ కథ సగం తెలిసిపోతుంది. ఒకప్పుడు ఆ సరుకు పాకిస్తాన్ నుంచి బాగా వచ్చేది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత మన ప్రభుత్వం పాక్ సరుకులపై సుంకాన్ని 200 శాతానికి పెంచింది. అంతే, దారి మూసుకుపోయింది. సార్క్ పుట్టింది 1985లో, దాని స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా అమల్లోకి వచ్చింది 2006లో. అయినా దక్షిణాసియా దేశాల మొత్తం వ్యాపారంలో వాటి మధ్య జరిగేది దాదాపు 5 శాతమే. 2014లో కాఠ్మాండూలో జరిగాక మళ్లీ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు.

పక్క కొట్లో పామాయిల్ మాత్రం ఆగదు. అది ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల సరుకు. వాళ్లున్న ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో సభ్యుల మధ్య వ్యాపారం ఐదో వంతుకు పైనే. అక్కడ మాత్రం గొడవలు లేవా? ఉన్నాయి, 2025లో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో కాల్పులే జరిగాయి. కానీ 1992లో సుంకాలు తగ్గించుకోవాలని ఒప్పుకున్నాక, తర్వాత చేరిన వియత్నాం, లావోస్‌లకు ఎక్కువ గడువిచ్చి మరీ వెంట తీసుకెళ్లారు. సాఫ్టాలోనూ పేద దేశాలకు ఎక్కువ గడువుంది గానీ, సుంకం తగ్గించనక్కర్లేని ‘సున్నితమైన సరుకుల’ జాబితాలే ఆ మేలును చాలావరకు మింగేశాయి.

ఇంకో తేడా, సార్క్‌లో మనమొక్కళ్లమే కొండంత. చిన్న దేశాలకు టెన్షన్ ఉండదా మరి?