ఆఫీసు ట్యాలీ ఇంటికొచ్చింది: టెయిల్‌స్కేల్‌పై నా మాట

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండటంతో, జీఎస్టీ గడువు రోజుల్లో రాత్రిపూట కూడా గవర్నర్‌పేటలోని ఆఫీసుకు పరుగెత్తేదాన్ని. గతంలో కంప్యూటర్లు చూసే అబ్బాయి రౌటర్‌లో 3389 పోర్టు (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరిచి వెళ్లాడు. వారం తిరక్కుండానే ఎవరెవరో పాస్‌వర్డులు ప్రయత్నించిన ఆనవాళ్లు వందల్లో కనిపించాయి. ఖాతాదారుల లెక్కలున్న యంత్రం అది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోర్టు మూయించి, ఆఫీసు, ఇంటి కంప్యూటర్లు రెండింటిలో టెయిల్‌స్కేల్ పెట్టాను. మన యంత్రాల మధ్య ఇంటర్నెట్ మీద ప్రైవేటు దారి వేసే సాఫ్ట్‌వేర్ అది. అరగంట పని. వైర్‌గార్డ్ అనే పద్ధతిలో డేటాను గుప్తీకరించి పంపుతుంది, రౌటర్ జోలికి వెళ్లనక్కర్లేదు. గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యేవారు దానికి రెండంచెల ధ్రువీకరణ తప్పక పెట్టుకోండి. ఆఫీసు యంత్రంలో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ అయితే రిమోట్ డెస్క్‌టాప్‌తో అందులోకి వెళ్లలేం. స్లీప్ సెట్టింగు కూడా ఆపండి. టెయిల్‌స్కేల్ మామూలుగా 180 రోజులకోసారి మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఆఫీసు యంత్రానికి ఆ గడువు తీసేశాను. ఈ 20వ తేదీన జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-3బీ) ఇంటి నుంచే దాఖలు చేశాను.