పాత జెన్‌కు కంపెనీ వాటర్ పంపు: చాలా వేసవులు నడిపాక

మా 2003 మోడల్ పెట్రోల్ మారుతి జెన్ కారుకు ఈ వాటర్ పంపు వేయించింది కరోనాకు ముందు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ నీళ్లను లోపల తిప్పేది ఇదే. మారుతి జెన్యూన్ పార్టే తెప్పించాను. బెజవాడ ఎండలు, బెంజి సర్కిల్ ట్రాఫిక్, ఏటా కార్తీకంలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్, అన్నీ చూసింది. హీట్ ముల్లు సగం గీత దాటలేదు. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గి పోయాల్సి రావడమూ చాలా అరుదు.

అంతకుముందున్న పంపు వేరే రకం. ఓసారి వినుకొండ దాటాక బెల్ట్ వైపు నుంచి గరగర మొదలై, రోడ్డు పక్క షెడ్డులో ఏది దొరికితే అదే బిగించుకుని ఇంటికొచ్చాం. ఆ అట్టపెట్టె మీద తయారీదారు పేరే లేదు. రెండో ఎండాకాలానికల్లా పంపు కిందుండే చిన్న రంధ్రంలోంచి పచ్చటి చార కారడం మొదలైంది. ఆ రంధ్రం కావాలని పెట్టిందే. లోపలి సీల్ అరిగినప్పుడు నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారిపోవాలి, మనకూ తెలియాలి. దాన్ని ఎంసీల్‌తో మూసేసి పంపించే మహానుభావులు కూడా ఉన్నారు. మూశాక నీళ్లు బేరింగ్ గ్రీజును కడిగేస్తాయి, పుల్లీ ఊగుతుంది, చివరికి బెల్ట్ తెగుతుంది. ఈ బండిలో పంపునూ, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ తిప్పేది ఒకే బెల్ట్ కాబట్టి ఛార్జింగ్ కూడా అక్కడితో ఆగిపోతుంది.

విప్పాక పాతదీ కొత్తదీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాంట్లో నీళ్లను నెట్టే రెక్కల అంచులు తుప్పు తిని రంపపు పళ్లలా ఉన్నాయి. ఒక రెక్క మిగతావాటికంటే ఎత్తుగా ఉంది, అది లోపలి గోడను గీరిన గుర్తు కూడా కనిపించింది. కొత్తదాంట్లో రెక్కలన్నీ ఒకే మట్టంలో ఉన్నాయి. రెక్క ఇనుమా, రేకా, ప్లాస్టిక్కా అని షాపుల్లో తెగ వాదిస్తారు గానీ, నా లెక్కలో అంతకంటే ముఖ్యం రెక్కకూ గోడకూ మధ్య సందు. సందు ఎక్కువైతే నీళ్లు ముందుకు పోకుండా అక్కడక్కడే తిరుగుతాయి. హైవే మీద ఇది తెలియదు. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ముల్లు పైకి లేస్తుంది.

కొనేముందు పంపును చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. కొంచెం బరువుగా, ఎక్కడా పట్టేయకుండా తిరగాలి, ఎందుకంటే సీల్ ముఖాలు రెండూ ఒకదాన్నొకటి నొక్కి ఉంటాయి. వేలితో ఒక తిప్పు తిప్పి వదిలితే ఆగకుండా తిరుగుతుంటే ఆ సీల్ మీద నాకు నమ్మకం ఉండదు. షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆట అన్నదే ఉండకూడదు. ప్యాకింగ్ వేసే ముఖం మీద గీతలు, సొట్టలు ఉంటే తిరిగిచ్చేయండి.

"జెన్ పంపు" అని మాత్రం అడగొద్దు. పాత జెన్ పెట్రోల్‌ది 993 సీసీ సుజుకి జీ10బీ ఇంజిన్. జెన్ డీజిల్‌ది ప్యూజో 1527 సీసీ, అందులో పంపును టైమింగ్ బెల్టే (ఇంజిన్ వాల్వుల్ని నడిపే లోపలి బెల్ట్) తిప్పుతుంది. తర్వాత వచ్చిన జెన్ ఎస్టిలోలో మొదట 1061 సీసీ, ఆపైన 998 సీసీ కే సిరీస్. పేరొక్కటే, పంపులు వేరు. ఆటోనగర్ కౌంటర్లలో రద్దీగా ఉన్నప్పుడు చేతికందింది ఇచ్చేస్తారు. ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించుకుని, పెట్టె మీది నంబరుతో సరిచూసుకోవడమే మంచిది. హోలోగ్రామ్ స్టిక్కర్‌తో వచ్చే డూప్లికేట్లూ ఉన్నాయి కాబట్టి స్టిక్కర్ కంటే పక్కా బిల్లే భరోసా.

ధర విషయానికొస్తే, లోకల్ దానికంటే దాదాపు రెట్టింపు పెట్టాను. పైగా పాత బండి కదా, సరుకు కౌంటర్లో లేదు, ఆర్డర్ పెట్టి ఆగాల్సి వచ్చింది. ఈ రెండూ చికాకే. అయినా ఈ ఇంజిన్‌లో పంపు దగ్గరికి చేరాలంటే టైమింగ్ కవరు, టైమింగ్ బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ విప్పాలి. ఆ మజూరీ ఏ పంపుకైనా ఒకటే. ఇంజిన్ మొత్తం అల్యూమినియం కావడం వల్ల ఒక్కసారి బాగా హీటెక్కితే పైన మూతలా ఉండే హెడ్ వంగిపోతుంది. అక్కణ్నుంచి హెడ్ గ్యాస్కెట్, లేత్‌లో ఫేసింగ్, ఖర్చు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. దాని ముందు పంపు ధరలో తేడా ఏపాటిది?

బిగించేటప్పుడు మా మేస్త్రీ చేసినవి రెండు నాకు బాగా నచ్చాయి. పాత ప్యాకింగ్ ముక్కలన్నీ ఓపికగా గీకేసి, కొత్తదానికి గమ్ పల్చగా పూశాడు. ఎక్కువైన గమ్ లోపల ఊడి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటుంది. చిన్న బోల్టుల్ని పది నంబరు పానాతో ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు, అల్యూమినియంలో మర పోతే అదో తలనొప్పి. కూలెంట్ నింపకుండా "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అన్న కుర్రాణ్ని కసిరాడు కూడా. సీల్ పొడిగా తిరిగితే కొత్తదైనా పాడవుతుంది.

మొదటి వారంలో ఆ రంధ్రం దగ్గర సన్నటి మరక కనిపించింది. "సీల్ సర్దుకుంటోంది సార్, తుడిచేసి చూడండి" అన్నాడు మేస్త్రీ. తుడిచాను, మళ్లీ రాలేదు. రోజూ చుక్కలు పడితే మాత్రం అది సర్దుకోవడం కాదు, వెంటనే చూపించాలి.

ఇన్నేళ్లు నిలిచిందంటే ఘనత మొత్తం పంపుదేనని నేననను. మా వీధి బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లగా పేరుకునే రకం. అదే ఉప్పు సీల్ ముఖాల మీద చేరితే గీతలు పడతాయి. అందుకే కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం తప్ప రేడియేటర్‌లో ఇంకేదీ పోయనివ్వలేదు. పంపును తిప్పే బెల్ట్ కూడా మరీ బిగుతుగా పెట్టనివ్వను, ఆ లాగుడంతా పంపు బేరింగ్ మీదే పడుతుంది. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్‌ను తీసేస్తే బండి చల్లగా ఉంటుందనే సలహా ఎన్నిసార్లు విన్నానో! తీయనివ్వలేదు.

ఇప్పుడు టైమింగ్ బెల్ట్ మార్చే సమయం వచ్చింది. ఉన్న పంపు ఇంకా పొడిగానే ఉంది, పుల్లీలో ఆట లేదు. అయినా ఎలాగూ అంతా విప్పుతారు కాబట్టి అదే పార్ట్ నంబరుతో కొత్తది ఆర్డర్ పెట్టేశాను. తీసిన పంపు డిక్కీలో స్పేర్‌గా ఉంటుంది, ప్యాకింగ్ ఒకటి దాంతోపాటు.