పెళ్లి ఫొటోలు ఎందులో దాచాలి: పదిహేనేళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో పదిహేనేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఒక్క పెళ్లికే ఇప్పుడు ఫొటోలు, వీడియో కలిసి దాదాపు 200 జీబీ అవుతున్నాయి కనుక, వాటిని ఎందులో దాచాలి, పెళ్లివారికి ఎందులో ఇవ్వాలి అనేవి నాకు రోజువారీ ప్రశ్నలే.

మొదట్లో డీవీడీల మీద రాసి ఇచ్చేవాళ్లం. ఒక్కో దానిలో పట్టేది 4.7 జీబీయే. మనం రాసుకునే డీవీడీలో సమాచారం పలుచని రంగు పొరలో నిలుస్తుంది. ఎండ, వేడి తగిలేకొద్దీ ఆ పొర చెడిపోతుంది. రేకుల గదిలో ఉంచినవి కొన్ని వేసవులకే తెరుచుకోవడం మానేశాయి కానీ, అదే రోజుల్లో రాసి బీరువాలో నిలబెట్టి పెట్టినవి ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి.

పెన్‌డ్రైవ్ ఇచ్చిపుచ్చుకోవడానికి మంచిది, దాచుకోవడానికి కాదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతికి మారిస్తే ఎక్కుతుంది గానీ, కొన్ని పాత టీవీలు దాన్ని గుర్తించవు. దేవరకొండ నుంచి వచ్చిన ఒకాయన చౌకగా కొన్న 256 జీబీ పెన్‌డ్రైవ్‌లో నిజంగా ఉన్నది 16 జీబీయే. కాపీ పూర్తయినట్టే కనిపించింది, ఇంటికెళ్లి చూస్తే సగానికి పైగా ఫొటోలు తెరుచుకోలేదు. అప్పటినుంచి కొత్త పెన్‌డ్రైవ్‌ను మొత్తం నింపి, తిరిగి చదివించి చూసిన తరువాతే ఎవరికైనా ఇస్తున్నాను.

ఎక్కువకాలం దాచడానికి నేను నమ్ముకున్నది హార్డ్ డిస్కునే. అయితే అది తిరుగుతున్నప్పుడు కదిలించకూడదు. 2018లో పని మధ్యలో ఒకటి బల్ల మీది నుంచి జారిపడింది. లోపల సమాచారం చదివే తల, తిరిగే పళ్లేనికి తగిలి దాని మీద గీత పడింది. హైదరాబాద్‌లో బాగు చేయిస్తే సగమే దక్కింది. దక్కనివాటిలో, ఆ తరువాతి నెలలోనే కాలం చేసిన ఒక నాయనమ్మ చివరి ఫొటోలు ఉన్నాయి. వాళ్ల ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పిన రోజు ఇప్పటికీ మరచిపోలేదు. రెండో ప్రతి లేకపోవడం పూర్తిగా నా తప్పు. ఇప్పుడు ప్రతి పనికీ రెండు డిస్కులు వాడుతున్నాను: ఒకటి స్టూడియోలో, రెండోది పానగల్లులోని మా ఇంట్లో. ఆరు నెలలకొకసారి రెంటినీ తగిలించి, ఫైళ్లు తెరిచి చూస్తాను.

ఎస్‌ఎస్‌డీ అంటే సమాచారాన్ని చిప్పుల్లో దాచే డిస్కు. అందులో తిరిగే భాగాలు లేవు, వేగం కూడా చాలా ఎక్కువ. ఆల్బమ్ డిజైన్, వీడియో ఎడిటింగ్ అన్నీ దాని మీదే చేస్తున్నాను. కానీ ఏళ్ల తరబడి కరెంటు అందకపోతే అందులో సమాచారాన్ని నిలిపి ఉంచే విద్యుదావేశం క్రమంగా తగ్గిపోవచ్చు కనుక, బీరువాలో పెట్టి మరచిపోయే పనికి దాన్ని కొనను.

“అన్నా, మా ఫొటోలు మీ దగ్గర ఎన్నేండ్లు ఉంటయి?” అని పెళ్లివారు అడుగుతుంటారు. అయిదేళ్లు ఉంచుతానని చెప్పి, ఆ గడువును డిస్కు మీద అతికించిన చీటీలో రాస్తున్నాను. గడువు తీరినా వాళ్లకు ఫోను చేసి, తమ ప్రతి తెరుచుకుంటున్నదని వాళ్ల నోట విన్నాకే చెరుపుతాను.