సిమ్ ఏది మేలు? ముందు బాయికాడ నిలబడి చూడండి

మా ఇంట్లో సిమ్‌లు ఐదు. నా ఫోన్‌లో రెండు, నాయిన బటన్ ఫోన్‌లో ఒకటి, హైదరాబాద్‌లో చదువుకుంటున్న చెల్లెలిది ఒకటి. ఐదోది ఎవరి చేతిలోనూ ఉండదు, బాయికాడ మోటరు స్టార్టర్ డబ్బాలో ఉంటుంది. మా దేవరకొండ వైపు బోరు మీద సేద్యం చేసే ఇళ్లలో ఇది మామూలే. అందుకే "జియో మంచిదా, ఎయిర్‌టెల్ మంచిదా, బీఎస్ఎన్ఎల్‌కు మారాలా?" అని ఎవరైనా అడిగితే, ఆ సిమ్ దేంట్లో వేస్తారని, అది ఎక్కడ ఉంటుందని ముందు అడుగుతాను.

స్టార్టర్ సంగతే మొదట చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. పాత మొబైల్ స్టార్టర్లు 2జీ మీద నడుస్తాయి. ఫోన్ చేస్తేనో మెసేజ్ పెడితేనో మోటరు ఆన్ అవుతుంది. జియో 2016 సెప్టెంబర్ 5న వచ్చిందే 4జీతో. దానికి 2జీ, 3జీ లేవు, మాట కూడా డేటా దారిలోనే పోతుంది. పాత డబ్బాలో జియో సిమ్ వేస్తే అది ఎంత మంచి సిమ్ అయినా టవర్ పట్టదు. నాయిన చేతిలోని పాత బటన్ ఫోన్‌కూ అదే లెక్క. 4జీ బటన్ ఫోన్ కొంటే వేరే మాట. ఎయిర్‌టెల్ 3జీని మూసేసింది కానీ 2జీని ఉంచుకుంది. వీకి (వొడాఫోన్ ఐడియాకు), బీఎస్ఎన్ఎల్‌కు కూడా 2జీ ఉంది. కాబట్టి పాత స్టార్టర్ వరకైతే ఈ మూడింట్లో మీ చెలకలో ఏది బాగా పడితే అదే మేలు.

రెండేళ్ల కింద స్టార్టర్ సిమ్‌కు గడువు అయిపోయిన సంగతి మేమెవరం చూసుకోలేదు. ఇన్‌కమింగ్ ఆగిపోయింది. వానకాలం, రాత్రి పది దాటింది. నాయిన టార్చిలైట్ పట్టుకొని గట్ల మీద నడిచి పోయి మోటరు బంద్ చేసి వచ్చిండు. పాములు తిరిగే రోజులు. ఆయన ఇంటికి వచ్చేదాకా అమ్మ వాకిట్లోనే నిలబడింది. అప్పటి నుంచి ఈ సిమ్ రీచార్జ్ తేదీని క్యాలెండర్ మీద రాసి పెడుతున్నాను.

ఇక ధరలు. ఒకప్పుడు నల్లగొండ గడియారం సెంటర్‌లో గొడుగుల కింద కూర్చొని సిమ్‌లు ఊరికే ఇచ్చేవాళ్లు. యూనినార్, ఎయిర్‌సెల్, డొకోమో అని ఎన్నో పేర్లు. ఇప్పుడు అవేవీ లేవు. వొడాఫోన్, ఐడియా 2018లో ఒక్కటై, 2020 నుంచి వీ అయ్యాయి. మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక సర్కారు సంస్థ. పోటీ తగ్గితే ఏమవుతుందో 2024 జూలైలో చూశాం: మూడు ప్రైవేటు కంపెనీలూ రోజుల తేడాతో ధరలు పెంచాయి. 28 రోజుల చిన్న ప్యాక్ జియోలో 155 నుంచి 189 రూపాయలకు, ఎయిర్‌టెల్‌లో 179 నుంచి 199కి పోయింది. బీఎస్ఎన్ఎల్ పెంచలేదు, జనం అటు పోర్ట్ పెట్టారు, అంటే నంబరు మార్చకుండానే కంపెనీ మారారు. నెట్ అక్కర్లేని నాయినలాంటి వాళ్ల కోసం మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పింది. మరుసటి నెలలోనే అవి వచ్చాయి. షాపులో అడగకపోతే ఎక్కువసార్లు నెట్ ఉన్నదే వేస్తారు. అడిగి వేయించుకోండి.

చెల్లెలికి 5జీ ఫోన్ ఉంది. 2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. ఇక్కడ రెండు కంపెనీల దారి వేరు. జియో 5జీని 4జీ మీద ఆధారపడకుండా విడిగా కట్టింది, 700 మెగాహెర్ట్‌జ్ తరంగాలను కూడా కొన్నది. ఎయిర్‌టెల్ తన 4జీ మీదనే 5జీని ఎక్కించి మొదలుపెట్టింది, 3500 చుట్టుపక్కల తరంగాలు వాడుతుంది. తేడా ఏంటంటే, పక్క ఊర్లో రాత్రి భజన జరుగుతుంటే డోలు దెబ్బ మన ఇంటిదాకా వస్తుంది, తాళాల చప్పుడు రాదు. 700 లాంటి తక్కువ నంబరు తరంగం డోలు లాంటిది: దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ స్పీడు తక్కువ. 3500 లాంటి పెద్ద నంబరు తరంగం స్పీడు ఇస్తుంది కానీ టవర్ దగ్గర ఉండాలి. అందుకే మిర్యాలగూడలోనో, మహబూబ్‌నగర్ పట్టణంలోనో 5జీకి ఎక్కువ డబ్బు పెట్టినా అర్థం ఉంది. ఊరి చివర ఇంట్లో ఉండేవాళ్లు, 5జీ గుర్తు ఇంటి లోపల కూడా నిలుస్తుందా అని చూసుకోకుండా పెద్ద ప్యాక్ వేసుకోవద్దు.

బీఎస్ఎన్ఎల్‌ను నేను తీసిపారేయను. 4జీ చాలా ఆలస్యంగా వచ్చింది, ఆ మాట నిజం. టీసీఎస్, తేజస్ కంపెనీలు, కేంద్ర టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ కలిసి తయారుచేసిన దేశీయ 4జీని 2025 సెప్టెంబర్ 27న అధికారికంగా మొదలుపెట్టారు. అయితే సిగ్నల్ లేని ఊర్లకు 4జీ ఇవ్వాలని కేంద్రం 2022లో 24,680 ఊర్ల పథకం పెట్టి, ఆ పని బీఎస్ఎన్ఎల్‌కే అప్పగించింది. నల్లమలలో తిరిగేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు నుంచి శ్రీశైలం దారి పడితే చాలా దూరం ఫోన్‌లో ఒక్క గీత కూడా ఉండదు. అడవిలోని చెంచు పెంటల్లో (చిన్న గూడేల్లో) ఎవరికైనా పాణం బాగలేకపోతే 108కి ఫోన్ కలవాలి. ఇలాంటి చోట స్పీడు ఎంతని ఎవరు చూస్తారు? బీఎస్ఎన్ఎల్ పాత సిమ్ ఉన్నవాళ్లు 4జీ సిమ్ మార్చుకోవాలి, లేకపోతే కొత్త టవర్ పక్కన నిలబడ్డా 4జీ రాదు.

మారాలనుకుంటే తొందరపడి పోర్ట్ పెట్టకండి. ఆ కంపెనీ సిమ్ ఉన్న దోస్తును ఒకరోజు మీ చెలకకు, మీ ఇంటి వెనక గదిలోకి తీసుకుపోయి ఫోన్ చేయించండి. రెండు చోట్లా మాట తెగకుండా వినిపిస్తే, అప్పుడు PORT అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు కలిపి 1900కు మెసేజ్ పెట్టండి. కోడ్ వస్తుంది. ఒకసారి మారితే 90 రోజుల దాకా మళ్లీ మారలేరు.

నా వరకైతే నాకు, చెల్లెలికి 5జీ ఉన్న ప్రైవేటు సిమ్. నా ఫోన్‌లో రెండో సిమ్‌గా బీఎస్ఎన్ఎల్, అడవి దారికోసం. నాయినకు 2జీ ఉన్న కంపెనీలో మాటల ప్యాక్. స్టార్టర్ సిమ్‌ను కదిలించలేదు. 2జీ ఎన్నాళ్లు ఉంటుందో అన్న టెన్షన్ మాత్రం ఉంది, అందుకే యాసంగి నాట్లలోపు 4జీ డబ్బా ధర ఎంతో కనుక్కుంటున్నాను.