అర్థాలున్న స్క్రాబుల్ డిక్షనరీ: బరంపురంలో ఏళ్ల తరబడి వాడాక

అక్షరాల బిళ్లలు బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట స్క్రాబుల్. అది ఆడేవాళ్లకు దొరికే పుస్తకాలు రెండు రకాలు. ఒకటి ఉత్త జాబితా. మాట చెల్లుతుందో లేదో చూసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. రెండోది ప్రతి మాట పక్కనా ఒక ముక్క అర్థం ఇచ్చే డిక్షనరీ. మా ఇంట్లో ఉన్నది ఈ రెండోది, లావుపాటి పేపర్‌బ్యాక్. ఫైలిన్ తుఫానుకు ముందు కొన్నాం. బైండింగ్ ఊడిపోతే గేట్ బజార్‌లో ఖాకీ అట్ట వేయించాను. పబ్లిషర్ పేరు చెప్పను గానీ, ఇలాంటి పుస్తకం కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నాకు తోచింది చెబుతాను.

ఇది ఇంకా మూలన పడకపోవడానికి కారణం మా ఇంటి రూలు. మాట పెట్టినవాళ్లు అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే సగం పాయింట్లే. అసలు ఆటలో ఇలాంటి రూలేమీ లేదు, జాబితాలో ఉంటే చాలు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్‌దీ కొట్టేశాడు. జాబితాను కంఠతా పట్టేయడమే ఆయన విద్య. అంతటి మహానుభావుడైనా మా ఇంటికొచ్చి ఆడితే సగం పాయింట్లతో వెళ్లాల్సిందే.

రూలు పెట్టింది మా వదిన. ఆవిడ చదివింది తెలుగు మీడియం, పక్కింటి మాస్టారు ఒడియా మీడియం. మావాడొక్కడే ఇంగ్లీషు మీడియం. రెండక్షరాల మాటలు బట్టీపట్టి వచ్చి అందర్నీ చిత్తు చేసేవాడు. "అర్థం తెలీకుండా పెట్టడమేటిరా, అది ఆటా, అప్పడాల లెక్కా?" అని ఒకరోజు ఆవిడ గట్టిగా అడిగింది. అదే శాసనమైపోయింది.

నిజానికి పుస్తకం అక్కరకొచ్చేది ఈ చిన్న మాటల దగ్గరే. కాలిన్స్ అనే డిక్షనరీ సంస్థ వేసే స్క్రాబుల్ మాటల జాబితా 2019 ఎడిషన్‌లో రెండక్షరాల మాటలు 127 ఉన్నాయి. ఉత్తినే బట్టీపడితే వారానికి సగం ఎగిరిపోతాయి. అర్థం తగిలిస్తే ఉండిపోతాయి. 'ఏఏ' అంటే హవాయి దీవుల్లో గరుకుగా గడ్డకట్టే లావా. 'ఓఈ' అంటే ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. 'ఏఐ' అనగానే ఇప్పుడందరూ కంప్యూటర్ అనుకుంటారు గానీ పొడి అక్షరాలు ఈ ఆటలో చెల్లవు. అది దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్, మూడు వేళ్ల జంతువు. 'కేవై' అంటే స్కాట్లాండ్ వాళ్ల యాసలో ఆవులు. ఆవు కాదు, ఆవులు. కాబట్టి చివర ఎస్ తగిలించడానికి లేదు. ఈ సంగతి అర్థం చదివినవాడికి ఇట్టే తెలుస్తుంది, ఉత్త జాబితా పట్టుకున్నవాడు ఇంకోసారి వెతుక్కోవాలి.

'జెడ్ఓ' అయితే ఇంకా సరదా. యాక్‌కూ ఆవుకూ పుట్టిన పశువు. దీన్నే ముందు డి పెట్టి, మధ్యలో హెచ్ పెట్టి నాలుగైదు రకాలుగా రాయొచ్చు, అన్నీ చెల్లుతాయి. గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెటన్ల క్యాంపు ఉంది కదా, అక్కడ చూసొస్తానని మాస్టారు బయల్దేరారు. ఆయనకు కనపడింది మొక్కజొన్న చేలే.

క్యూ పేజీ మా పుస్తకంలో బాగా నలిగిన పేజీ. ఆటలో క్యూ ఒక్కటే, పది పాయింట్లు. దాని పక్కన పెట్టే యు నాలుగే. సమయానికి యు రాకపోతే చేతిలో క్యూ గుదిబండే. యు లేకుండా క్యూతో వచ్చే మాటలు చూస్తే సగం మనం రోజూ వినేవే: ఫకీర్, తలాక్, బురఖా, నిఖాబ్, వక్ఫ్, ఖవ్వాలీ. అన్నీ అరబ్బీ వైపు నుంచి వచ్చినవి, ఇంగ్లీషులో క్యూతో కూడా రాస్తారు. మా వదిన వీటికి అర్థం పుస్తకం చూడకుండా చెప్పేస్తుంది, మావాడు నోరెళ్లబెడతాడు. అన్నిటికన్నా లాభం మాత్రం 'క్యూఐ', చైనా వాళ్ల ప్రాణశక్తి. క్యూని ట్రిపుల్ లెటర్ గడిలో, అంటే అక్షరం పాయింట్లు మూడింతలయ్యే గడిలో, అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కుదిరేలా పెడితే ముప్ఫై ఒకటీ ముప్ఫై ఒకటీ అరవై రెండు. ఒక్క బిళ్లతో.

ఇక లోపాలు. అర్థాలు మరీ పొట్టి. 'ఒక రకం చెట్టు', 'ఒక రకం చేప' అని వదిలేస్తే ఎవరికి ఏం గుర్తుంటుంది? పైగా చాలా మాటలకు ఒక్క అర్థమే ఇస్తారు. ఓసారి బోర్డు మీద 'కూట్' ఉంది. చలికాలం చిలికా సరస్సులో కనిపించే నల్ల నీటికోడి, నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది, అది. మా వదిన దాని ముందు ఐదు బిళ్లలు పేర్చి 'బాండికూట్' చేసింది. అర్థం అడిగితే "పందికొక్కు" అంది. పుస్తకంలో మాత్రం ఆస్ట్రేలియాలో పొట్ట సంచీ ఉండే జంతువని ఉంది. మావాడు సగం పాయింట్లే అన్నాడు. "మన కొట్లో ధాన్యం తినేది ఆస్ట్రేలియా నుంచి వచ్చిందేటి?" అని ఆవిడ. ఆ మాట తెలుగు పందికొక్కు నుంచే ఇంగ్లీషులోకి వెళ్లింది, ఆస్ట్రేలియా జంతువుకు ఆ పేరు తరవాత అంటించారు. పెద్ద డిక్షనరీలు రెండూ రాస్తాయి. ఆవిడకు పూర్తి పాయింట్లే పడ్డాయి.

ఫోను యాప్‌లు వచ్చాక ఈ పుస్తకం ఎందుకంటారా? వేగానికి యాప్‌ను మించింది లేదు. నేను వాడిన యాప్‌లో మాట కొట్టాక అర్థానికి ముందు ప్రకటన వస్తుంది, అదొక చిరాకు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. కొవ్వొత్తి పెట్టుకుని ఆడుతుంటే పనికొచ్చింది ఈ పుస్తకమే.

టోర్నమెంట్లకు తయారయ్యేవాళ్లు దీన్ని కొనకండి, ఉత్త జాబితా చాలు. ఇంట్లో నలుగురు కూర్చుని ఆడేవాళ్లు, పిల్లలకు ఇంగ్లీషు అబ్బాలనుకునేవాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. అమెరికా, కెనడాల జాబితా వేరు, మన దేశంలో పోటీలకు కాలిన్స్ జాబితానే వాడతారు, అది చూసి తీసుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే ముందు 'ఓ' అనే అక్షరం పేజీ తీసి రెండక్షరాల 'ఓకే' ఉందేమో చూడండి. కాలిన్స్‌లో అది 2019లోనే చేరింది. లేకపోతే పాత ఎడిషన్ అన్నట్టే, గట్టిగా బేరమాడండి.