సారె దాటింది, కురిడీలు దాటలేదు: చెన్నై మీదుగా పుణె ప్రయాణం

నెల్లూరు వైపు వారు విమానమెక్కాలంటే ఎక్కువగా చెన్నైకే వెళతారు. పుణెలో కాపురముంటున్న మా చెల్లెలి సీమంతానికి అమ్మ, మా ఆవిడ, ఆరేళ్ల మా అబ్బాయి, నేను ఆ దారినే వెళ్లివచ్చాము. రైలుకూ, మెట్రోకూ, పుణెలో చెల్లెలి అత్తవారు చూపిన ఆదరణకూ వంక పెట్టడానికి లేదు. సారెలోని కురిడీల (ఎండు కొబ్బరికాయల) విషయంలో విమాన సంస్థ కౌంటరులో ఒక మాట చెప్పి, భద్రతా తనిఖీ దగ్గర మరొక మాట వినవలసిన స్థితిలోకి మమ్మల్ని నెట్టిన తీరు మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు సుమారు 175 కిలోమీటర్లు. మధ్యాహ్నం రైలు వేళకే చేరింది. సెంట్రల్ నుంచి విమానాశ్రయానికి మెట్రోయే మేలు. అత్యధిక చార్జీయే 50 రూపాయలు, లిఫ్టులున్నాయి, అన్నాశాలై మీదుగా పోయే నీలి మార్గం రైలు ఎక్కితే ఎక్కడా మారనక్కరలేదు. ఇంతకంటే తక్కువలో పోదలచినవారు సెంట్రల్ ఎదుటి పార్క్ స్టేషనులో లోకల్ రైలెక్కి, విమానాశ్రయానికి ఎదురుగా ఉన్న తిరుశూలంలో దిగవచ్చు గాని, పెట్టెలతో ఆ మెట్లు ఎక్కి దిగడం పెద్దవాళ్ల వల్ల కాదు.

మర్నాడు తెల్లవారుజామున 5:50కి విమానం. క్రోంపేటలో మా బాబాయి ఇల్లున్నా అది ఒక్క గది ఇల్లు కావడం వల్ల జీఎస్టీ రోడ్డులో ఒక లాడ్జి తీసుకున్నాము. గదికి 2,350 రూపాయలు, పసివాడికి అదనపు పరుపు పేరుతో మరో 400. బుకింగు చేసినప్పుడు విమానాశ్రయానికి దింపడం ఉచితమని స్పష్టంగా వ్రాసి ఉంది. తెల్లవారుజామున మూడింటికి కిందికి దిగితే, బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్న కుర్రవాడు లేచి, డ్రైవరు రాలేదనీ, వేరే బండి పిలుస్తాననీ, 300 ఇవ్వాలనీ అన్నాడు. ఆ వేళలో వాదించే ఓపిక ఎవరికుంటుంది? ఇచ్చాము. వేడినీళ్లు ఆరు తరువాతేనట. అమ్మ చన్నీళ్లతో స్నానం చేసి, తలతడితో, ముభావంగా బండెక్కింది. తెల్లవారుజాము విమానాలకు వెళ్లేవారు లాడ్జి వారి ఉచిత బండిని నమ్ముకోకుండా రాత్రే క్యాబు మాట్లాడుకోవాలని నా సలహా.

మేము చేరేసరికి బాబాయి స్కూటరు మీద మల్లెపూల పొట్లంతో వచ్చి నిలబడి ఉన్నాడు. సీమంతానికి సారె అంటే మా ఇళ్లలో చలిమిడి, గాజులు, పసుపు కుంకుమలు, చీరలు, వాటితోపాటు పసుపు రాసిన కురిడీలు ఉండాలి. ఈ కురిడీలను అమ్మ నెల్లూరు బజారులో ఒక్కొక్కటీ చెవి దగ్గర ఆడించి చూసి, పదకొండింటిని 440 రూపాయలకు ఏరి తెచ్చింది. పెద్ద పెట్టెలో చీరల మధ్య కొత్త రవికల గుడ్డలో మూటకట్టి పెట్టింది.

కౌంటరులో కూర్చున్నది తెలుగమ్మాయే. ముందు సంతోషించాము. పెట్టె తూకానికి పెట్టగానే, "పవర్‌బ్యాంకు, లైటరు, ఎండు కొబ్బరి ఏమైనా ఉన్నాయా అండీ?" అని ఒక్క గుక్కలో అడిగింది.

"కురిడీలున్నాయమ్మా, పదకొండు," అంది అమ్మ, అడిగినందుకు మెచ్చుకుంటున్నట్టుగా.

"అవి ఇందులో వెళ్లవు ఆంటీ. తీసి చేతి సంచిలో పెట్టుకోండి."

"చేతి సంచిలో ఫరవాలేదా?" అని నేను రెట్టించి అడిగాను. ఫరవాలేదంది. వెనుక వరుసలోని వారు విసుక్కుంటుండగా నేల మీద పెట్టె తెరిచి, మడతపెట్టిన చీరలన్నీ కదిలించి, మూట తీసి అమ్మ చేతి సంచిలో పెట్టాము. బాబాయి అప్పటికింకా గాజు తలుపులకు అవతల చేయి ఊపుతూ కనబడుతూనే ఉన్నాడు. ఆ అమ్మాయి తీసుకువెళ్లకూడదని ఒక్క మాట చెప్పి ఉంటే మూట ఆయన చేతికి చేరేది, ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

తనిఖీ వరుసలో అరగంట పట్టింది. బెల్టు, గడియారం, ఫోను, చిల్లర ట్రేలో వేసి, మా అబ్బాయి బూట్లు విప్పి, మళ్లీ వాడిని ఎత్తుకుని నడిచాము. స్త్రీలను తెర చాటున మహిళా సిబ్బందే తనిఖీ చేయాలి కనుక వారి వరుస మందకొడిగా సాగుతుంది. మా ఆవిడ ఆ వరుసలో ఉండగానే అమ్మ సంచి పక్క పట్టాలోకి మళ్లింది. అక్కడి అధికారి మూట విప్పాడు. పసుపు ఆయన చేతి తొడుగుకు అంటుకుంది. దేవుడి సామానేమోనని ఒక్క క్షణం సంకోచించి, మర్యాదగానే, ఎండు కొబ్బరి విమానంలోకి ఏ రకంగానూ వెళ్లదని చెప్పి, పక్కనున్న బొమ్మల పట్టీ చూపించాడు. చేతి సంచిలోనూ కూడదు, లోడుచేసే పెట్టెలోనూ కూడదు.

నియమంలో తప్పు లేదని నేనే ఒప్పుకుంటాను. ఎండిన కొబ్బరిలో మూడింట రెండు వంతుల దాకా నూనే ఉంటుంది. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే నిప్పు సెగ తగలకుండానే అంటుకోగలదు. అందుకే ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ జాబితాలో దీనికి 1363 అనే సంఖ్య ఇచ్చి, తమంతట తామే మండే పదార్థాల తరగతి అయిన 4.2లో చేర్చారు. నీళ్లున్న పచ్చి కొబ్బరికాయ సంగతి వేరు. దాన్ని చేతి సంచిలో రానివ్వకపోయినా లోడుచేసే పెట్టెలో పంపవచ్చు. శబరిమల స్వాముల ఇరుముడిలోని కాయకు 2024 అక్టోబరు నుంచి 2025 జనవరి 20 వరకు చేతి సంచిలోనే అనుమతి ఇచ్చిన మాటా నిజమే, అదీ ఎక్స్‌రే, పేలుడు పదార్థాల జాడ పరీక్ష, చేతి తనిఖీ అన్నీ అయిన తరువాతే. "స్వాముల కాయ పోతుంది, మన కాయ పోదా?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే గాని, ఆ క్షణంలో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో తరువాత ఆలోచిస్తే బోధపడింది. కౌంటరులో మూడు పేర్లు ఒకే ఊపిరిలో అడుగుతారు, కాని ఆ మూడింటి గతులు ఒకటి కావు. పవర్‌బ్యాంకును పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. లైటరు రెండింటిలోనూ కూడదు. ఎండు కొబ్బరీ అంతే. ఆ అమ్మాయి మూడింటికీ పవర్‌బ్యాంకు సూత్రమే అంటగట్టింది. కౌంటరు విమాన సంస్థది. తనిఖీ చేసేవారు ప్రభుత్వ బలగాలు. 1999 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ-814 హైజాక్ అయిన తరువాత, 2000 సంవత్సరం నుంచి ఈ పని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) చేతిలోకి పోతూ వచ్చింది. ఒకరు చెప్పిన మాటకు మరొకరు జవాబుదారీ కారు, మధ్యలో నలిగేది ప్రయాణికుడు. దీనికోసమే దేశీయ ప్రయాణికుడి నుంచి 2021 ఏప్రిల్ మొదలుకొని టికెట్టులో 200 రూపాయల భద్రతా రుసుము పట్టుకుంటున్నారు. మా నలుగురికి 800 అయింది.

బయటికి వెళ్లి ఇచ్చివస్తారా అని ఆ అధికారే అడిగాడు. అందుకు విమాన సంస్థ మనిషి వెంట రావాలి. పది నిమిషాలకు ఒక సూపర్‌వైజరు వచ్చి, మా సిబ్బంది అలా చెప్పరు సార్ అన్నాడు, మేమేదో కల్పించి చెబుతున్నట్టు. కౌంటరు దాకా వచ్చి అడగమంటే, బోర్డింగు మూసే సమయమవుతోంది, మీ ఇష్టం అన్నాడు. మీ ఇష్టం అనే మాటకు అంత అర్థముంటుందని అప్పుడే తెలిసింది.

అమ్మ వాదించలేదు. పసుపు రాసినవి నీళ్ల సీసాలతో, అగ్గిపెట్టెలతో కలిపి చెత్తడబ్బాలో వేయవద్దని మాత్రం ఆ అధికారిని అడిగింది. ఆయన మూటను మళ్లీ కట్టి పక్క బల్ల మీద విడిగా పెట్టాడు. ఆ తరువాత ఏమైందో అడగలేదు. విమానంలో అమ్మ కాఫీ కూడా వద్దంది. చలిమిడి డబ్బా మాత్రం ఎవరి కంటా పడకుండా పెద్ద పెట్టెలో హాయిగా ప్రయాణించింది.

పుణెలో సాయంత్రానికి ఈ సమస్య తీరిపోవడం మరో వింత. మహారాష్ట్ర వంటల్లో ఎండు కొబ్బరి లేనిదే పూట గడవదు కాబట్టి, మహాత్మా ఫులే మండై మార్కెట్టులో గుట్టలు గుట్టలుగా ఉంది. పదకొండు కురిడీలు 520 రూపాయలకు వచ్చాయి. నెల్లూరువాటి కంటే చిన్నవని అమ్మ తీర్పు. చెల్లెలి అత్తగారు తానే పసుపు కలిపి రాస్తే అమ్మ ముఖం కాస్త తేటపడింది. సారె పట్టుకుపోయే వారికి నా మాట ఒక్కటే: ఎండు కొబ్బరి వెళ్లిన ఊళ్లోనే కొనండి. కౌంటరులో ఏ వస్తువైనా తీయమంటే, దాన్ని ఎక్కడ పెట్టాలో కాదు, అసలు విమానంలోకి వస్తుందా రాదా అని అడగండి. సాగనంపడానికి వచ్చినవారిని తనిఖీ ముగిసి ఫోను చేసేదాకా కదలనివ్వకండి.

తిరిగివచ్చాక విమాన సంస్థకు ఫిర్యాదు పంపాను. లాడ్జి వారి 300 సంగతి వదిలేశాను గాని దీన్ని వదలలేదు. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది: అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, మా సిబ్బంది అటువంటి సూచన చేసినట్టు దాఖలా లేదనీ, తదుపరి టికెట్టులో 500 రూపాయలు తగ్గిస్తామనీ. తగ్గింపు అక్కరలేదనీ, ఆ కౌంటరులో కూర్చునేవారికి నియమం సరిగా నేర్పించి, నేర్పించినట్టు నాకు వ్రాయమనీ తిరిగి వ్రాశాను. దానికి ఇంతవరకు జవాబు లేదు.